చెల్లని రూకకు గీతలెక్కువ

బోధన్‌లో మా బాపుది చిన్న కిరాణం దుకాణం. గల్లాపెట్టె పక్కన ఒక హార్లిక్స్ సీసా ఉంటుంది. రాత్రి చిల్లర లెక్కపెట్టేటప్పుడు వంకర బిళ్ళ, అక్షరాలు చెరిగిన బిళ్ళ, అంచు తెగిన బిళ్ళ ఏది కనబడ్డా బాపు దాన్ని ఆ సీసాలో వేస్తాడు. బదులుగా జేబులోంచి ఇంకో రూపాయి తీసి గల్లాలో పెట్టి లెక్క సరిచేస్తాడు. నేను ఏడో తరగతి నుంచీ చూస్తున్నా. "ఇవి టంకశాల తప్పులు బిడ్డా. ఎప్పుడన్న ఒకనాడు అక్కరకొస్తయి" అనేవాడు.

ఆ ఒకనాడు పోయిన సెమిస్టర్ ఫీజు కట్టే నెలలో వచ్చింది. రాత్రి పదింటికి హాస్టల్‌కు ఫోన్ చేసిండు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నడంటే అమ్మకు తెలియని ముచ్చటే అయ్యుంటుంది. ఫోన్‌లో ఏదో వీడియో చూసిండట. సీసాలో ఉన్నటువంటి రూపాయి బిళ్ళకే రెండు లక్షలిస్తామని అందులో చెప్పారట. ఫోటో తీసి పంపితే "మీ నాణెం ఎంపికైంది" అని జవాబొచ్చింది. రిజిస్ట్రేషన్‌కు 1,500 కట్టమంటే కట్టిండు. ఇప్పుడు పన్ను కింద ఇంకో 8,000 కడితే మనిషి ఇంటికే వచ్చి డబ్బులిచ్చి బిళ్ళ తీసుకుపోతాడట.

"నువ్వు మెషిన్ల చదువే చదువుతున్నవు కద బిడ్డా. జర ఈ బిళ్ళ నిజంగ టంకశాల తప్పేనా కాదా చూసి చెప్పు. మంచిదైతే పొద్దుగాల కట్టేస్త."

అందులో ఒకటి కాదు, రెండు ప్రశ్నలున్నాయి. డబ్బులడిగేవాడు నిజమా? బిళ్ళ నిజమా? మొదటిదానికి జవాబు ఆ రాత్రే చెప్పిన. కొనేవాడు మనకు పైసలియ్యాలె గానీ మన దగ్గర ఎందుకు తీసుకుంటడు? పాత నాణేలు, నోట్లు కొంటామంటూ తన పేరూ గుర్తూ వాడుకొని ఛార్జీలు, కమీషన్లు, పన్నులు వసూలు చేసేవాళ్ళున్నారని, అలాంటి పనికి తాము ఎవరికీ అనుమతి ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. అది చదివి వినిపించిన. బాపు చానాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే పదిహేను వందలు పోయినట్టేనా" అన్నడు. సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించినం. 8,000 మాత్రం కట్టలేదు.

రెండో ప్రశ్న మిగిలిపోయింది. "వాడు దొంగ కావొచ్చు. బిళ్ళ మంచిదే కావొచ్చు కద" అన్నడు బాపు. ఆ లాజిక్‌ను తప్పు పట్టలేం. అందుకే రెండు శని ఆదివారాలు బోధన్ పోయి సీసా బోర్లించి కూర్చున్నా. మొత్తం 58 బిళ్ళలు. ఒక భూతద్దం, ఒక అయస్కాంతం, ఒక స్కేలు, తూకానికి బంగారం షాపు. ఆ నాలుగు రోజుల్లో నేర్చుకున్నదే ఈ పాఠం. మన జేబుల్లోనూ, మన ఇళ్ళల్లోనూ ఇలాంటి సీసాలు చాలా ఉన్నాయి కాబట్టి రాస్తున్నా.

సిలబస్‌లోని రెండు మార్కుల ప్రశ్న

మెకానికల్ దోస్తులకు ప్రెస్ వర్కింగ్ యూనిట్‌లో బ్లాంకింగ్, కాయినింగ్ అనే మాటలు గుర్తుండే ఉంటాయి. పరీక్షలో రెండు మార్కులకు రాసి మరిచిపోతాం. ఈ పాఠమంతా ఆ రెండు మాటల మీదే నడుస్తుంది. మిగతా బ్రాంచీలవాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తా.

ముందు లోహపు పట్టీ నుంచి గుండ్రటి ముక్కలు కొడతారు. ఇది మన బిస్కెట్ల పిండిని గిన్నె అంచుతో కోసినట్టే. ఆ ముక్క పేరు బ్లాంక్. దాన్ని కొలిమిలో వేడిచేసి మెత్తబరుస్తారు, కడిగి మెరుగు పెడతారు, అంచును చుట్టూ నొక్కి చిన్న గట్టు లేపుతారు. చివరికి ప్రెస్‌లో పెడతారు. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, చుట్టూ కాలర్ అనే ఉక్కు కట్టు. పదుల టన్నుల ఒత్తిడితో ఒక్క దెబ్బ పడుతుంది. లోహం పిండిలా పారి అచ్చులోని గుంటల్లోకి దూరుతుంది. పక్కలకు పారకుండా కాలర్ ఆపుతుంది. రెండు వైపుల బొమ్మలు, అంచు, అన్నీ ఆ ఒక్క క్షణంలోనే పుడతాయి. ఇలా నిమిషానికి వందల బిళ్ళలు పడుతుంటాయి. అంత వేగంలో అప్పుడప్పుడు తప్పులు దొర్లుతాయి. వాటిలో చాలామటుకు తనిఖీలో దొరికిపోతాయి, కొన్ని తప్పించుకొని బజారుకెక్కుతాయి. కలెక్టర్లు, అంటే నాణేలు సేకరించేవాళ్ళు, వెతికేది వాటినే.

మనకు ఈ పని కొత్తదేం కాదు. హైదరాబాద్ టంకశాల 1803లో నిజాం సికందర్ జా కాలంలో మొదలైంది. 1903లో సైఫాబాద్‌కు, 1997లో చర్లపల్లికి మారింది. జేబులోంచి ఒక రూపాయి తీసి సంవత్సరం కింద చూడండి. ఐదు కోణాల చిన్న నక్షత్రం ఉంటే అది చర్లపల్లిలో పుట్టింది. వజ్రం గుర్తుంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. "టంకశాల గుర్తు పడని అరుదైన నాణెం" అని అమ్మజూపేవి చాలామటుకు మామూలు కోల్‌కతా బిళ్ళలే. బాపు సీసాలో అలాంటివి మూడు దొరికాయి.

అసలు ప్రశ్న ఒక్కటే

వింతగా ఉన్న ప్రతి బిళ్ళనూ అడగాల్సిన ప్రశ్న ఇది: లోహం ఎప్పుడు కదిలింది? అచ్చుల మధ్య ఉన్నప్పుడా, అచ్చుల నుంచి బయటికొచ్చినంకనా?

అచ్చుల మధ్య కదిలితే టంకశాల తప్పు. ఆ తప్పుకూ బొమ్మకూ పొత్తు కుదురుతుంది, రెండూ ఒకే దెబ్బకు పుట్టాయి కాబట్టి. బయటికొచ్చినంక కదిలితే అది దెబ్బ. పూర్తయిన బొమ్మ మీద పడింది గనుక బొమ్మను కోసుకుంటూనో, చితగ్గొడుతూనో పోతుంది. పచ్చి కుండ మీద కుమ్మరి వేలి గుర్తు వేరు, కాలిన కుండకు పడ్డ పగులు వేరు. ఆ తేడానే ఇది కూడా.

ఈ ప్రశ్నకు జవాబు రాబట్టడానికి ఐదు పరీక్షలు పెట్టుకున్నా.

ఒకటి: గీత పైకి లేచిందా, కిందికి దిగిందా?

చెల్లని రూకకు గీతలెక్కువ అని సామెత. పనికిరానివాడికే హంగులెక్కువ అనే అర్థంలో వాడతాం. కానీ నాణేల దగ్గర దాన్ని అక్షరాలా తీసుకోవచ్చు.

గోరుతో గీత మీద అడ్డంగా గీకండి. గోరు గుంటలోకి దిగితే అది గీరుడు. దాని ఒడ్డున లోహం దుక్కిలో మట్టి లేచినట్టు కొంచెం లేచి ఉంటుంది. గోరు గట్టుకు తగిలితే ఆగి చూడండి. ఉక్కు అచ్చు కూడా లక్షల దెబ్బలకు అలిసి పగులుతుంది. అచ్చులో పగులు అంటే గుంట. ఆ గుంటలోకి లోహం పారితే బిళ్ళ మీద అది సన్నటి గట్టుగా లేస్తుంది. దీన్నే డై క్రాక్ అంటారు. అది వంకరటింకర దారిలో సాధారణంగా అంచు నుంచి మొదలై, అక్షరాల మీదుగా ఆగకుండా పోతుంది. అంచు దగ్గర అచ్చు ముక్కే ఊడిపోతే ఆ చోట బిళ్ళ మీద ఏ బొమ్మా లేని ఉబ్బెత్తు మచ్చ మిగులుతుంది. ఉన్న బిళ్ళ మీద కొత్తగా లోహం లేపడం సుత్తితోనో ఆకురాయితోనో అయ్యే పని కాదు. అందుకే లేచిన గీతకు విలువెక్కువ, దిగిన గీతకు తక్కువ.

ఒక మినహాయింపు ఉంది. దెబ్బ పడే క్షణాన అచ్చుకూ బ్లాంక్‌కూ మధ్య తీగముక్కో నారపోగో చిక్కుకుంటే దాని రూపం గుంటగానే పడుతుంది. అది నిజమైన తప్పే. కానీ ఆ గుంట ఒడ్డులు మెత్తగా ఉంటాయి, లోహం దుక్కిలా లేవదు.

సీసాలో గీతలున్న బిళ్ళలు చాలానే ఉన్నాయి. లేచిన గీత ఒక్క రూపాయి మీదే దొరికింది.

రెండు: రెండో వైపు ఏమంటోంది?

టంకశాలలో రెండు వైపులూ ఒకే దెబ్బకు పుడతాయి కాబట్టి, పెద్ద తప్పేదైనా రెండో వైపున కూడా ఆనవాలు వదులుతుంది. బ్లాంక్ అచ్చుల మధ్య సరిగా కూర్చోకపోతే బొమ్మ ఒక పక్కకు జరిగి, ఇంకో పక్క ఖాళీ చంద్రవంక మిగులుతుంది. బిళ్ళ తిప్పితే అదే చోట అవతల వైపు కూడా ఖాళీ ఉండాలి. ఒక వైపే ఉండి, ఇంకో వైపు నిండుగా ఉందంటే ఎవరో అరగదీశారని అనుమానించాలి.

బాపు ఫోటో పంపిన "రెండు లక్షల" బిళ్ళ ఈ పరీక్షలోనే పడిపోయింది. దాని కథ ఇది. ప్రెస్‌లో కొట్టిన బిళ్ళ ఒక్కోసారి బయటికి రాకుండా అచ్చుకే అంటుకుపోతుంది. కిందికి వచ్చిన కొత్త బ్లాంక్‌కు ఆ వైపు అచ్చు బదులు ఆ బిళ్ళే తగులుతుంది. అప్పుడు కొత్త బిళ్ళకు ఒక వైపు బొమ్మ మామూలుగా లేస్తుంది, ఇంకో వైపు అదే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి గుంటగా పడుతుంది. దీని పేరు బ్రాకేజ్. ఇది నిజంగానే అరుదు, కలెక్టర్లు ఇష్టపడేది.

బాపు బిళ్ళ మీద కూడా తిరగబడ్డ అక్షరాలున్నాయి. వీడియోలోదీ ఇదీ ఒకటే అని బాపు అనుకున్నది అందుకే. కానీ భూతద్దం కింద చూస్తే ఆ అక్షరాల అడుగున నాలుగు సింహాల బొమ్మ కూడా ఉంది, నలిగిపోయి. బ్రాకేజ్ అయితే ఆ వైపు సింహాలకు చోటే లేదు, వాటిని కొట్టాల్సిన అచ్చు ముఖం మూసుకుపోయి ఉంటుంది కదా. పైగా తిరగబడ్డ అక్షరాలు ఒక పక్కనే నాలుగైదున్నాయి. రెండో వైపు తిప్పితే అంకె చదునై మెరుస్తోంది. అంటే రెండు రూపాయి బిళ్ళలను ఒకదాని మీద ఒకటి పెట్టి ఎవరో వైస్‌లో బిగించారు, లేదా సుత్తితో కొట్టారు. ఒకదాని అక్షరాలు ఇంకోదానిలోకి దిగాయి. పూర్తయిన బొమ్మ మీద పడ్డ దెబ్బ ఇది.

మూడు: అంచు చూడు

మొహం అబద్ధం చెప్పొచ్చు, అంచు చెప్పడం కష్టం. దెబ్బ పడేటప్పుడు కాలర్ పైకి లేవకపోతే లోహం పక్కలకు పారి బిళ్ళ వెడల్పవుతుంది. దాన్ని బ్రాడ్‌స్ట్రైక్ అంటారు. మధ్య బొమ్మ పదునుగానే ఉంటుంది, అంచు దగ్గరి అక్షరాలు బయటికి సాగుతాయి, చుట్టూ గట్టు మాయమవుతుంది.

మన జానకంపేట బోధన్ లైను పక్కన పెరిగిన పిల్లలందరికీ ఇంకో రకం వెడల్పు బిళ్ళ తెలుసు. పట్టా మీద రూపాయి పెట్టి, రైలు పోయినంక వెతుక్కున్న బిళ్ళ. అదీ వెడల్పే. కానీ గుండ్రంగా కాకుండా కోలగా సాగుతుంది, బొమ్మ అంతటా వెలిసిపోయిన ముగ్గులా పలచబడుతుంది, ఒక వైపు పట్టా నునుపు అంటుకుంటుంది. చెరుకు రసం బండి రోలర్ల మధ్య పడ్డ బిళ్ళ అయితే వంగుతుంది, పళ్ళ గుర్తులు వరుసగా పడతాయి. పట్టాలు, సుత్తి, వైస్, రోలర్ల బాపతు మా సీసాలో 11 తేలాయి. రెండు లక్షలది వాటిలో ఒకటి.

అంచు చెప్పే ఇంకో మంచి ముచ్చట క్లిప్. పట్టీ నుంచి ముక్కలు కొట్టేటప్పుడు పట్టీ సరిపోయినంత ముందుకు జరగకపోతే, కొత్త ముక్క పాత చిల్లు మీద పడుతుంది. అప్పుడు అప్పచ్చిని పిల్లాడు కొరికినట్టు బ్లాంక్‌లో నెలవంక ముక్క పోతుంది. ఎవరైనా ఆకురాయితో కూడా ఇలా కోయొచ్చు కదా అంటే, కోయొచ్చు. తేడా కొరికిన చోట కాదు, దానికి సరిగ్గా ఎదురుగా అవతలి అంచున దొరుకుతుంది. అంచుకు గట్టు లేపే యంత్రం బ్లాంక్‌ను రెండు పక్కల నుంచి నొక్కుతుంది. ఒక పక్క ఖాళీ ఉంటే ఎదురు పక్కకు ఒత్తిడి అందదు, అక్కడ గట్టు బలహీనంగా లేస్తుంది. దీన్ని బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటారు. ఇది అన్ని నిజమైన క్లిప్పుల్లోనూ కనబడదు గానీ, కనబడితే మాత్రం గట్టి సాక్ష్యం. దానితోపాటు కొరికిన చోటు దగ్గరి అక్షరాలు ఖాళీ వైపు సాగి సన్నబడతాయి. ఆకురాయితో కోస్తే అక్షరం కత్తితో తెగినట్టు ఆగిపోతుంది.

నాలుగు: తూకం వేయించు

మా దుకాణం కాటా దీనికి పనికిరాదు. ఎందుకో లెక్క చూడండి. 2011 నుంచి వచ్చిన చిన్న రూపాయి బిళ్ళ 3.79 గ్రాములు, అడ్డకొలత సుమారు 22 మి.మీ. అదే సైజు చిల్లు దాన్ని 2 మి.మీ. లోతు కొరికిందనుకుందాం. అంచున చూస్తే గాటు 9 మి.మీ. వెడల్పు, కంటికి పెద్దగానే కనబడుతుంది. రెండు వృత్తాలు కలిసిన భాగం వైశాల్యం ఇంటర్ లెక్కే. చేస్తే 12.3 చదరపు మి.మీ. వస్తుంది. మొత్తం బిళ్ళ 380 చదరపు మి.మీ. అంటే పోయింది వందలో మూడు వంతుల కంటే కొంచెం ఎక్కువ. బిళ్ళ 3.67 గ్రాముల దగ్గర తూగాలి. తేడా గ్రాములో ఎనిమిదో వంతు. ఇది బంగారం కాటా మీదే తేలుతుంది. నిజామాబాద్ గాంధీ చౌక్ దగ్గర ఒక బంగారం దుకాణంలో అడిగితే నవ్వుకుంటూనే తూచి ఇచ్చారు. మా క్లిప్ బిళ్ళ లెక్కకు దగ్గరగానే తూగింది, ఎదురు అంచున గట్టు కూడా బలహీనంగా ఉంది. నిజమైన తప్పు అని ఒప్పుకున్నా.

తూకం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. రైలు కింద పడ్డ రూపాయి తూకం కూడా సరిగ్గానే ఉంటుంది, లోహం సాగింది గానీ పోలేదు కాబట్టి. సరిపోని తూకం చాలాసార్లు గోదావరి పనే. బాసర వంతెన మీద రైలు పోతుంటే కిటికీలోంచి వేసిన బిళ్ళలు, కందకుర్తి త్రివేణి సంగమంలో వేసిన బిళ్ళలు ఎప్పుడో ఒకప్పుడు తిరిగి బజారుకొస్తాయి. పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి తీస్తారు. ఇలా నీళ్ళల్లో నానినవి, చింతపండుతోనో యాసిడ్‌తోనో తోమినవి సీసాలో 14 ఉన్నాయి. వీటి మీద "అక్షరాలు పడలేదు" అని బాపు వాదన. అచ్చులో గ్రీజో పొడో నిండితే నిజంగానే అక్షరాలు పడవు. కానీ అప్పుడు ఒక అక్షరం మాయమైనా పక్క అక్షరం పదునుగా ఉంటుంది, మాయమైన చోటు నునుపుగా ఉంటుంది. నీళ్ళు తిన్న బిళ్ళ అంతటా గరుకుగా, అమ్మవారు పోసిన మొహంలా ఉంటుంది. గ్రీజు బాపతు రెండు రూపాయల బిళ్ళ మాత్రం నిజమైనది ఒకటి దొరికింది.

ఐదు: పేజీ తిప్పినట్టు తిప్పు

ఇది అన్నింటికంటే సులువు, ఎవరూ చేయరు. సింహాల బొమ్మ నిటారుగా పట్టుకొని, బిళ్ళను పుస్తకం పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పండి. మన దేశపు బిళ్ళల్లో అవతలి వైపు కూడా నిటారుగానే రావాలి. కొంచెం వాలితే పట్టించుకోవద్దు. బాగా పక్కకు తిరిగినా, తలకిందులైనా, ప్రెస్‌లో ఒక అచ్చు పట్టు తప్పి తిరిగిందని అర్థం. ఒకే ముక్కతో చేసిన బిళ్ళలో దీన్ని సుత్తితో సృష్టించలేరు. రెండు బిళ్ళలను సగం సగం చెక్కి అతికించాలి. అలా అతికిస్తే గట్టు లోపల సన్నటి అతుకు కనబడుతుంది, బండ మీద వేస్తే ఖంగున మోగదు. రెండు వైపులా బొమ్మే ఉన్న బిళ్ళలు కూడా ఎక్కువగా ఈ అతుకు సరుకే.

సీసాలో 58 బిళ్ళలూ తిప్పి చూసిన. ఒక్కటీ దొరకలేదు. ఆదివారం రాత్రి బాపు గల్లా లెక్కపెడుతుంటే ఊరికే ఆ చిల్లర కూడా తిప్పడం మొదలుపెట్టిన. ఒక రెండు రూపాయల బిళ్ళ, గీత లేదు, వంకర లేదు, కొత్తగా మెరుస్తోంది. తిప్పితే అంకె పక్కకు పడుకొని ఉంది.

బాపు దాన్ని పది నిమిషాలు అటూ ఇటూ తిప్పిండు. "దీనికేం కాలేదు కద బిడ్డా" అన్నడు. అదే కదా మరి. పదేళ్ళుగా దెబ్బతిన్నవన్నీ ఏరి సీసాలో దాచి, ఇటువంటివి ఎన్ని గిరాకీలకు చిల్లర కింద ఇచ్చేసినమో.

తప్పులా కనబడే మామూలు బిళ్ళలు

సీసాలో 12 బిళ్ళలకు అసలు ఏ దోషమూ లేదు. గుర్తు లేని కోల్‌కతా మూడూ పోతే, మిగిలినవి మన పాలకులు డిజైన్లు మార్చినప్పుడల్లా పుట్టిన అనుమానాలు. రూపాయి బిళ్ళ 1992 నుంచి చాలాకాలం 25 మి.మీ. ఉండేది. 2011లో చిన్నదైంది, 2019 సిరీస్‌లో ఇంకా చిన్నదై 20 మి.మీ.కు వచ్చింది. చిన్న రూపాయి తప్పు కాదు, తమ్ముడు. ఐదు రూపాయలు పసుపుగా ఉండాలి, ఇది తెల్లగా ఉండి అయస్కాంతానికి అంటుకుంటోంది, వేరే లోహం మీద కొట్టారు అని బాపు రెండు బిళ్ళలు దాచిండు. సంవత్సరం చూస్తే 2007. ఆ రోజుల్లో ఐదు రూపాయలు స్టీలుతోనే కొట్టారు. కాబట్టి "వేరే లోహం" అనే ముందు ఆ ఏడాది ఆ బిళ్ళ ఏ లోహంతో వచ్చిందో చూసుకోవాలి.

అడుగున తాత కాలపు నిజాం నాణేలు రెండున్నాయి. ఒకటి నడిమధ్య చిల్లున్న రాగి రంగు రెండు పై నాణెం. ఆ చిల్లు డిజైన్‌లోదే. అక్షరాలు చిల్లు చుట్టూ సర్దుకొని కూర్చున్నాయి. ఇంకోటి చార్మినార్ బొమ్మ వెండి నాణెం, దానికీ చిల్లుంది గానీ అంచు దగ్గర, అక్షరాన్ని పొడుచుకుంటూ. ఎవరో మెడలో వేసుకోవడానికి పొడిచింది. సీసాలో ఈ రెండే చాలు, పాఠమంతా చెప్పేస్తాయి. మొదటి చిల్లుకు బొమ్మ దారిచ్చింది, రెండో చిల్లు బొమ్మను పొడిచింది.

లెక్క చెప్తా. దెబ్బలవి 11, నీళ్ళవీ యాసిడ్‌వీ 14, గీరుళ్ళు, అరగదీతలు, పూతలు, ఆ చార్మినార్ చిల్లు కలిపి 17, మామూలువి 12. మిగిలినవి నాలుగు: డై క్రాక్ ఒకటి, క్లిప్ ఒకటి, గ్రీజు ఒకటి, కొద్దిగా పక్కకు జరిగిన బొమ్మ ఒకటి. గల్లాలో దొరికిన రెండు రూపాయలు అదనం. ఇవన్నీ చిన్న తప్పులే. అమ్మితే సెమిస్టర్ ఫీజు కాదు, సెమిస్టర్ జిరాక్సుల ఖర్చు వస్తే గొప్ప. ధర మాట కలెక్టర్లనే నేరుగా చూపించి అడగాలి, వీడియోలను కాదు. ఇంకోటి, తప్పు సృష్టించాలనే సరదా ఎవరికీ వద్దు. నాణేలను కరిగించడం, పాడుచేయడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం. హైదరాబాద్ పోయినప్పుడు సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో తెరిచిన మ్యూజియం చూసి రండి. పరీక్షలో రాసే కాయినింగ్ అంటే ఏందో అక్కడ కళ్ళకు కనబడుతుంది.

పది రూపాయల బిళ్ళ సంగతి

ఈ పాఠానికి ఇంకో మొహం ఉంది. మన దగ్గర చాలా దుకాణాల్లో పది రూపాయల బిళ్ళ ఇస్తే తీసుకోరు. మా బాపు కూడా తీసుకునేవాడు కాదు. కొన్నింటి మీద పదిహేను కిరణాలున్నాయి, కొన్నింటి మీద పదే ఉన్నాయి, ఒకటేదో దొంగది అని. నిజానికి పాత డిజైన్‌లో పదిహేను కిరణాలు, 2011లో రూపాయి గుర్తుతో వచ్చిన కొత్త డిజైన్‌లో పది. రెండూ అసలువే. అప్పటికి వచ్చిన 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించింది కూడా. బండ మీద వేస్తే మోగదని ఇంకో అనుమానం. బయటి వలయం, లోపలి బిళ్ళ రెండు ముక్కలు. ఒకే ముక్కలా ఎట్ల మోగుతది?

అంటే మేం చేస్తున్నదేంటి? మంచి పది రూపాయలను దొంగదని వెనక్కిస్తున్నాం, చితికిన రూపాయిని రెండు లక్షలని దాచుకుంటున్నాం. రెండింటికీ కారణం ఒకటే. బిళ్ళ ఎట్ల తయారవుతదో తెలియకపోవడం. అది తెలియని చోటనే వీడియోవాడు 1,500 అడుగుతాడు. నేను మూడేళ్ళుగా ఆ తయారీనే చదువుతున్నా, మార్కులు తెచ్చుకుంటున్నా. ఒక్కసారి కూడా ఇంట్లో కూర్చొని చెప్పలేదు. ఆ 1,500లో నా వాటా కూడా ఉంది.

మొన్న సెలవులకు పోతే సీసా గల్లా పక్కనే ఉంది. అందులో ఇప్పుడు ఐదు బిళ్ళలే. చెల్లేవన్నీ చిల్లర కింద పోయాయి, తాత నాణేలు అమ్మ దేవుడి దగ్గర పెట్టింది. నలిగిన సింహాల రూపాయిని మాత్రం బాపు గల్లా మూత లోపల టేపుతో అంటించిండు. రోజూ కనబడాలట.

ఒక ముసలాయన చాయ్‌పత్తా పొట్లం తీసుకొని పది రూపాయల బిళ్ళ ఇచ్చిండు, "నడుస్తదా సేటూ" అని భయపడుకుంటనే. బాపు బిళ్ళను పేజీలా ఒకసారి తిప్పి చూసి గల్లాలో వేసుకుండు.

"నడుస్తది. ఎవలన్న కాదంటే నా దగ్గరికి పంపు" అన్నడు.